ఫాండెంట్‌కు అనుకున్న రంగు రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మా ఇంటి వంటగదిలోనే కేకులు చేస్తాను. శని, ఆదివారాలు నలుగురైదుగురికి నేర్పిస్తాను కూడా. కేకు పొంగకపోతే ఎవరూ అంతగా భయపడరు గానీ, ఫాండెంట్‌కు, అంటే కేకు మీద కప్పే చక్కెర ముద్దకు, రంగు కుదరకపోతే మాత్రం రాత్రి పదకొండు గంటలకు కూడా ఫోన్ చేస్తారు. "అక్కా, చిలకపచ్చ అడిగితే పాచిరంగు వచ్చింది, ఏం జేయాల?" అని. అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఏ రంగు కొనాలి? నీళ్ళలా ఉండేదా, జెల్లా, పొడా?

జెల్. ఫాండెంట్‌లో ముప్పాతిక వంతు పైగా చక్కెరే. దానికి నీళ్ళు తగిలితే కరుగుతుంది. కేసరిలోకి, జిలేబీలోకి వాడే నీళ్ళ రంగు నాలుగు చుక్కలు పడగానే ముద్ద చేతికి అంటుకుని సాగుతుంది. అది గట్టిపడాలని ఐసింగ్ షుగర్ పోస్తే రంగు పాలిపోతుంది. పాలిపోయిందని మళ్ళీ రంగు వేస్తాం. ఆ తిరుగుడుకు అంతుండదు.

పొడి రంగు చాలా గాఢంగా ఉంటుంది. ముద్దలో నేరుగా చల్లితే చుక్కలు చుక్కలుగా మిగిలి, మరుసటి రోజుకు ఒక్కో చుక్కా మచ్చలా పెద్దదవుతుంది. వాడాలంటే ముందు ఒక చుక్క గ్లిజరిన్‌లో మెత్తగా నూరుకోండి. చాక్లెట్‌కు వేసే నూనె రంగులు వేరే సంగతి, వాటిని దీంట్లోకి తేవద్దు.

మొదట ఎన్ని సీసాలు కొనుక్కోవాలి?

ఆరు: పసుపు, ఎరుపు, గులాబీ, నీలం, గోధుమరంగు, నలుపు. ముప్పై సీసాల పెట్టె చూస్తే మనసు లాగుతుంది గానీ అందులో ఇరవై ఈ ఆరింటి కలగలుపులే.

ఎరుపు ఉండగా గులాబీ ఎందుకు అని అందరూ అడుగుతారు. ఎరుపును తెల్ల ముద్దలో పలచన చేస్తే వచ్చేది ఒకలాంటి ఇటుక ఛాయ, రాణీ రంగు రాదు. వంగపండు రంగుకూ అంతే. మన ఎరుపు సీసాల్లో చాలావాటికి లోపల కొంచెం నారింజ ఉంటుంది. దానికి నీలం కలిస్తే మురికి గోధుమరంగు తేలుతుంది. గులాబీలో నీలం కలపండి, శుభ్రమైన ఊదా వస్తుంది.

సీసా ముందు రాసిన పేరు నమ్మకండి. ఒక కంపెనీ రాయల్ బ్లూ ఇంకో కంపెనీ స్కై బ్లూ లాగా ఉంటుంది. వెనక సన్న అక్షరాల్లో ఉండే నంబర్లు చూడండి. 102 టార్ట్రజిన్, నిమ్మపండు పసుపు. 110 సన్‌సెట్ యెల్లో, అది నారింజ. 122 కార్మోయిసిన్, 124 పోన్సో 4ఆర్, రెండూ ఎరుపులు. 127 ఎరిథ్రోసిన్, గులాబీ. 132 ఇండిగో కార్మైన్, 133 బ్రిలియంట్ బ్లూ, రెండు నీలాలు. 143 ఫాస్ట్ గ్రీన్. మన దేశంలో తిండిలోకి అనుమతి ఉన్న కృత్రిమ రంగులంటే ప్రధానంగా ఈ ఎనిమిదే. ఆకుపచ్చ సీసా వెనక 102, 133 అని ఉంటే మీరు ఇంట్లో పసుపు, నీలం కలిపి చేసేదే వాళ్ళు సీసాలో పోసి ఇచ్చారని అర్థం. ఒకసారి ఈ నంబర్లు చదవడం అలవాటైతే ఏ రంగు ఏ రంగుతో కలిస్తే ఏమవుతుందో సీసా మూత తీయకముందే సగం తెలిసిపోతుంది.

కిలో ఫాండెంట్‌కు ఎన్ని చుక్కలు వేయాలి?

చుక్కల లెక్క వద్దు. జెల్ చుక్క ఒకసారి పెసరగింజంత పడుతుంది, ఒకసారి చెనక్కాయ గింజంత పడుతుంది.

నేను చేసేది ఇది. ముందు నిమ్మకాయంత తెల్ల ముద్ద తీసుకుని, పుల్లతో రంగు అద్ది, అనుకున్నదానికంటే బాగా ముదురుగా పిసుకుతాను. దీన్ని మా క్లాసులో తోడు అంటాం, పాలలో వేసే తోడు లాంటిదే. ఆ తోడులోంచి కొంచెం కొంచెం గిల్లి తెల్ల ముద్దలో వేసి కలుపుతూ పోవాలి. రంగు చాలలేదా, ఇంకో చిటికెడు గిల్లి వేయొచ్చు. అదే సీసాలోంచి నేరుగా కిలో ముద్దలో పడితే వెనక్కి తీసుకోలేం.

ఇంకో మేలు, తోడును తూకం వేయొచ్చు. గ్రాము వరకు చూపే చిన్న కాటా ఒకటి తప్పక కొనండి. 500 గ్రాముల తెలుపుకు 20 గ్రాముల నీలం తోడు వేస్తే ఏ ఛాయ వచ్చిందో పుస్తకంలో రాసుకుని, ఆ ముద్దలోంచి బఠాణీ గింజంత తీసి పేజీ మీద ఒత్తి ఆరబెట్టండి. నా పుస్తకంలో అలాంటి బిళ్ళలు నూరుకు పైగా ఉన్నాయి. చీమలు పట్టకుండా డబ్బాలో పెట్టాల్సి వస్తుంది, అదొక్కటే బాధ.

మొత్తం ఒక్కసారే కలుపుకోండి. 8 అంగుళాల గుండ్రటి కేకు, 4 అంగుళాల ఎత్తు, దానికి కప్పడానికి 800 గ్రాముల దాకా పడుతుంది. బొమ్మలకు, అంచుకు ఇంకో 200 గ్రాములు అనుకోండి. మధ్యలో తక్కువైతే అదే రంగు రెండోసారి కలపడం నాకు ఇప్పటికీ కుదరదు.

ముదురైపోయింది. తెల్ల ముద్ద కలిపితే సరిపోతుందా?

ముదురు ముద్దలో తెలుపు కలపడం అంటే సముద్రంలో పాలు పోయడమే. అరకిలో తెలుపు ఖర్చైపోతుంది, రంగు ఇంకా ముదురుగానే ఉంటుంది. తిరగేయండి. ఆ ముద్దనే తోడు అనుకుని, కొత్త తెలుపులోకి కొంచెం గిల్లి వేయండి. మిగిలినది చుట్టి పెట్టుకుంటే ఇంకో కేకుకు పనికొస్తుంది.

చీర చూపించి ఇదే రంగు కావాలంటారు. ఎలా?

మా ఊళ్ళో వచ్చే ఆర్డర్లలో సగం ఇవే. ఓణీల పంక్షన్‌కు పాప కట్టుకునే లంగా రంగు, సీమంతానికి అమ్మాయి ధర్మవరం పట్టు రంగు. నాకు ఇది ఇష్టమైన పని కూడా, ఎందుకంటే రంగుల పేర్లు అసలు తెలిసినవాళ్ళు చీరల అంగడి వాళ్ళే. పీచ్, మావ్, టీల్ అంటే ఒక్కొక్కరికి ఒక్కో రంగు తోస్తుంది. ఉల్లిపొర అంటే మాత్రం కడప, కర్నూలు మనుషులకు వేరే రంగు తోచదు. కృష్ణాపురం ఉల్లిగడ్డలు పండే చోట అది చెప్పక్కర్లేదు.

ముందు ఒక నియమం. ఫోన్‌లో వచ్చిన ఫోటో చూసి రంగు కలపకండి. ఫోటో తీసిన చోట వెలుతురు ఒకటి, ఆ ఫోన్ తెర ఒకటి, మీ ఫోన్ తెర ఇంకొకటి. రవిక గుడ్డలో ముక్క అడగండి. చీర కొంగు చివర పోగులైనా సరే. అదీ కుదరదంటే వస్తువు పేరు అడగండి: "పండు మిరపకాయా, ఎండు మిరపకాయా?" అని. జవాబు ఠక్కున వస్తుంది.

నా పుస్తకంలో ఉన్న కొన్ని కలగలుపులు ఇవి. ఇక్కడ చెప్పే పాళ్ళు తోడు ముద్దలవి, సీసాలవి కావు. మీ సీసా వేరైతే కాస్త అటూ ఇటూ అవుతుంది, కాబట్టి ముందు రేగుపండంత ముద్ద చేసి చూసుకోండి.

చిలకపచ్చకు పసుపు ఐదు పాళ్ళు, నీలం ఒక పాలు కన్నా తక్కువ. అరిటాకు పచ్చకు పసుపు మూడు, నీలం ఒకటి, దాని మీద గోధుమరంగు ఆవగింజంత. ఆ ఆవగింజ లేకపోతే ఆకు ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది. చెట్టు మీద పచ్చ ఏదీ సీసాలో ఉన్నంత పచ్చగా ఉండదు, ఎప్పుడూ లోపల కొంచెం ఎరుపో మట్టో ఉంటుంది. ఏ రంగైనా మరీ మెరుస్తోందంటే దాని ఎదురు రంగు సూదిమొనంత వేయండి. పచ్చకు ఎరుపు, నీలానికి నారింజ, పసుపుకు ఊదా. ఎక్కువైతే బురదే, చెప్పలేదనొద్దు.

పండు మిరపకు ఎరుపులో కొంచెం నారింజ. ఎండు మిరపకు ఎరుపులో గోధుమరంగు. ఉల్లిపొరకు లేత గులాబీలో గోధుమరంగు చిటికెడు, నారింజ అంతకన్నా తక్కువ. గంధం రంగుకు తెల్ల ముద్దలో పసుపు, గోధుమ రెండూ పుల్ల కొన తాకించినంతే. వంగపండుకు గులాబీ రెండు, నీలం ఒకటి, నలుపు కొసరు. అంచుకు వాడే మెరూన్‌కు ఎరుపులో గోధుమ, తర్వాత ఊదా. నలుపు వేస్తే మెరూన్ చచ్చిపోతుంది.

నెమలికంఠం దగ్గర మాత్రం ముందే ఒప్పుకుని మాట్లాడండి. పట్టులో ఆ రంగు ఒక రంగు కాదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, చీర కదిలినప్పుడల్లా ఒకటి దాగి ఒకటి తేలుతుంది. ఫాండెంట్‌కు పడుగూ పేకా లేవు. నీలం మూడు, పచ్చ ఒకటి కలిపి అడుగు రంగు చేసుకుని, కేకు మీద కప్పాక మడతల మిట్టల మీద పచ్చ మెరుపు పొడి, పల్లాల్లో ఊదా పొడి బ్రష్‌తో అద్దుతాను. దగ్గరగా అదే రంగు కాదు, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అవుతుంది.

రాత్రి కలిపిన రంగు పొద్దున చూస్తే వేరేగా ఉంది. ఎందుకు?

దీనికి కారణాలు మూడు, మొదటిది వెలుతురు. చీరల అంగట్లో మన అమ్మలు ఏం చేస్తారు? నచ్చిన చీర పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఎండలో చూసి, "లోపల ఇంత నీలంగా లేదే" అంటారు. కేకు రంగుకూ అదే పద్ధతి. తెల్లని ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనిపించిన గుడ్డ, ముద్ద ఎండలో రెండు రంగులుగా విడిపోవచ్చు, ఎందుకంటే గుడ్డకు వేసిన రంగు వేరు, మన రంగు వేరు. వాకిట్లో నీడన పట్టుకుని చూడండి, నేరుగా ఎండలో వద్దు. పంక్షన్ హాల్లో పసుపు ఫోకస్ లైట్లు ఉంటాయని తెలిస్తే ఇంట్లో పసుపు బల్బు కింద కూడా ఒకసారి చూడండి. ఆ వెలుగులో లేత నీలం బూడిదలా, లేత పసుపు తెలుపులా కనిపిస్తాయి.

రెండోది, మన గట్టు. ఇది పుస్తకాల్లో దొరకదు, కడప వాళ్ళకే తెలియాలి. మా ఇళ్ళల్లో వంటగట్టు అంటే కడప రాయి. నున్నగా, చల్లగా ఉంటుంది, ఫాండెంట్ పిసకడానికి అంతకన్నా మంచి బండ లేదు. కానీ అది నల్లన. నలుపు మీద పెట్టిన ఏ రంగైనా ఉన్నదానికన్నా లేతగా, వెలుగుగా కనిపిస్తుంది. అది నమ్మి ఇంకొంచెం, ఇంకొంచెం అని రంగు వేస్తూ పోతాం. తెల్ల బల్ల మీదకు మార్చేసరికి ముదురై కూర్చుంటుంది. నేను ఏడాదిన్నర పాటు నా చెయ్యే బరువనుకున్నాను. తర్వాత ఒకరోజు ముద్దను తెల్ల పళ్ళెంలో పెట్టి చూశాక అసలు సంగతి తెలిసింది. ఇప్పుడు పిసకడం రాయి మీద, చూడడం తెల్ల కాగితం మీద.

ఆ రాయితో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎర్ర ముద్ద పిసికాక మిగిలిన రంగు నల్లరాతి మీద కంటికి కనిపించదు. తుడిచామనే అనుకుంటాం. తర్వాత తెల్ల ముద్ద పెట్టి ఒత్తితే అడుగున ఎర్ర చార తేలుతుంది. అందుకే వరుస తప్పొద్దు. తెలుపు, పసుపు, గులాబీ, నీలం, పచ్చ, ఎరుపు, నలుపు. మధ్యలో తెల్ల బట్ట తడిపి తుడవండి. బట్ట తెల్లగా ఉంటేనే గట్టు శుభ్రం.

మూడోది రంగు ఊరడం. ఫాండెంట్‌లో నీరు చాలా తక్కువ, రంగు అంతా ఒక్కసారి కరగదు. కలిపిన గంటల తర్వాత కూడా లోపల కరుగుతూ ఛాయ ముదురుతుంది. ఎరుపు, నలుపు, ముదురు నీలం ఎక్కువగా ముదురుతాయి. లేత రంగులు పెద్దగా మారవు.

ఎరుపు, నలుపు ఎంత వేసినా రావడం లేదు.

రావు. వస్తే చేదు వస్తుంది.

నేను మొదట్లో చేసిన ఒక రిసెప్షన్ కేకు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రాత్రి ఎంత వేసినా గులాబీ దాటి ఎరుపు కాలేదు. వేశాను, వేశాను, సగం సీసా అయిపోయింది. పడుకుని లేచేసరికి అది ఊరి మెరూన్ దాటి నల్లబడుతోంది. తిన్నవాళ్ళ నాలుకలు రెండు రోజులు ఎర్రగా ఉన్నాయట. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

ఎరుపు కావాలంటే ముందు ముద్దకు లేత నారింజ, గులాబీ వేసి, దాని మీద ఎరుపు వేయండి. సగం దారి వాటితో నడిస్తే ఎరుపు తక్కువ పడుతుంది. మూడొంతులు వచ్చాక ఆపి, క్లింగ్ ర్యాప్‌లో చుట్టి రాత్రంతా వదిలేయండి. నలుపుకు తెల్ల ముద్దతో మొదలుపెట్టొద్దు. మంచి కోకో పొడి కలిపి ముద్దను గోధుమరంగు చేసి, దాని మీద నలుపు వేయండి. చేదుకు చేదు కాదు, చాక్లెట్ రుచిగానే ఉంటుంది. కోకో ముద్దను ఆరబెడుతుంది కాబట్టి అర చెంచా డాల్డా కలపండి.

మొత్తం కేకు ఎర్రగానో నల్లగానో కప్పాలంటే మాత్రం నా మాట వినండి, రంగు వేసి అమ్మే ఫాండెంట్ కొనండి. అందులో పట్టుదలకు పోయి గెలిచేదేమీ లేదు.

వంగపండు రంగు ఏనుగు చేశాను, సాయంత్రానికి నీలం అయింది!

నాకూ అయింది, అదీ మొదటి పుట్టినరోజు కేకు మీద. కిటికీ పక్కన పెట్టాను, అదే తప్పు.

ఊదా అంటే గులాబీ, నీలం కలిసిన రంగు. ఆ గులాబీ 127, అంటే ఎరిథ్రోసిన్ అయితే వెలుతురుకు తట్టుకోదు, విరిగిపోతుంది. 133 నీలం దాని పక్కనే నిలబడి ఉంటుంది. గులాబీ పోయాక మిగిలేది నీలమే కదా. అందుకే సీసా వెనక నంబర్ చూడమన్నాను. ఊదాకు 122 ఉన్న గులాబీ వాడితే కొంచెం మెరుగు. కావాలనుకున్నదానికన్నా ఒక మెట్టు గులాబీ ఎక్కువ ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మలు ఎండబెట్టేది చీకట్లో. పెట్టెలో పెట్టి మూత ఓరగా వేసి, బీరువా అరలో పెట్టండి. లేత గులాబీ పువ్వులకూ ఇదే మాట. ఇండిగో కార్మైన్, అంటే 132 కూడా వెలుతురులో పాలిపోయే రకమే.

ఎండాకాలంలో కలుపుతుండగానే పగుళ్ళు వస్తున్నాయి.

వీడియోల్లో చెప్పేది సముద్రం పక్క ఊళ్ళ సంగతి. అక్కడ గాలిలో తేమ, ముద్ద జిగురవుతుంది, అందుకని కార్న్‌ఫ్లోర్ చల్లమంటారు. మాది సీమ. ఏప్రిల్, మే నెలల్లో కడపలో, కర్నూలులో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిగా ఉంటుంది, అనంతపురం సంగతి చెప్పక్కర్లేదు. రంగు పిసికేలోపే ముద్ద పైన ఏనుగు తోలులా పొర కడుతుంది. ఆ పొర లోపల కలిసిపోతే రంగులో తెల్లటి గింజలు కనిపిస్తాయి, అవి మళ్ళీ కరగవు.

ముద్దను ఓళిగల పిండిలా కప్పి ఉంచి, కావలసినంతే గిల్లుకోండి. చేతికి డాల్డా రాసుకోండి, కార్న్‌ఫ్లోర్ జోలికి వెళ్ళొద్దు. అరకిలోకు నాలుగైదు చుక్కలు గ్లిజరిన్ వేస్తే సాగుతుంది. ఫ్యాన్ ఆపండి. కూలర్ ముందు కూర్చుని చేయకండి, అది గాలితో పాటు తేమ చల్లుతుంది. తెల్లవారుజామున రంగులు కలిపి పెట్టుకోవడం నా అలవాటు.

అక్టోబరు, నవంబరులో వానలు పడేటప్పుడు లెక్క తిరగబడుతుంది. అప్పుడు ముద్దను గట్టిపరిచే సీఎంసీ పొడి చిటికెడు వేయండి. ఐసింగ్ షుగర్ కలిపితే రంగు ఒక మెట్టు తగ్గుతుందని గుర్తుపెట్టుకుని ముందే ముదురుగా కలపండి.

ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమట పట్టి రంగు కారింది.

చల్లటి కేకు మీద వేడి గాలిలోని తేమ నీటి బిందువులుగా దిగుతుంది. ఆ నీళ్ళు చక్కెరను, రంగును కలిపి కిందకు తెస్తాయి. పెట్టె తెరవకుండా, పెట్టెతోనే బయట పెట్టి గది వేడికి రానివ్వండి. చెమట పెట్టెకు పడుతుంది. పట్టినా వేలు పెట్టొద్దు, ఆరిపోతుంది. తెల్ల కేకు మీద ఎర్ర, నల్ల ముక్కలు ఉంటే వాటిని కేకు పంక్షన్‌కు చేరాక అక్కడే అతికించండి. విప్పింగ్ క్రీమ్ మీద ఫాండెంట్ కప్పమని అడిగేవాళ్ళు చాలామంది. మా ఎండలకు నేను ఒప్పుకోను, కింద గనాష్, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత, ఉంటేనే కప్పుతాను.

మనిషి ఒంటి రంగు ఎలా తేవాలి?

స్కిన్ కలర్ అని అమ్మే సీసా వేస్తే గులాబీ దొరసాని వస్తుంది. పాప ఫోటో చూస్తే చామనఛాయ, కేకు మీద బొమ్మ తెల్లదొర. తల్లిదండ్రులు ఏమీ అనరు గానీ నాకు నచ్చదు. గోధుమరంగు తోడుకు పసుపు కొంచెం, ఎరుపు అంతకన్నా కొంచెం వేసి తెల్ల ముద్దలో కలపండి. చామనఛాయకు గోధుమ ఎక్కువ, పసుపుఛాయకు పసుపు ఎక్కువ. నలుపు వేయొద్దు, బూడిదరంగు తిరిగి ఒళ్ళు బాగాలేనివాళ్ళలా ఉంటుంది. ముఖం మొత్తం అయ్యాక చెంపల మీద ఎండు మిరప రంగు పొడి బ్రష్‌తో తాకించండి. కృష్ణుడికి లేత నీలంలో ఊదా సూదిమొనంత. ఉత్త నీలం వేస్తే ప్లాస్టిక్ బొమ్మే.

బంగారు రంగు?

బంగారం రంగు కాదు, మెరుపు. కింద ఆవపిండి రంగు ముద్ద ఉండాలి: పసుపు, గోధుమ, నారింజ కొసరు. దాని మీద మెరుపు పొడి. తెల్ల ముద్ద మీద బంగారు పొడి వేస్తే ఇత్తడిలా కూడా ఉండదు. నేను ప్రొద్దుటూరుకు కేకులు పంపుతాను. ఆ ఊళ్ళో బంగారం అంగళ్ళ వాళ్ళ కళ్ళకు ఒక చూపు చాలు, ఎన్ని క్యారెట్లని నవ్వుతూ అడుగుతారు.

పొడిని నీళ్ళలో కలపకండి, ఫాండెంట్ జిగురవుతుంది. ఆల్కహాల్ ఉండే ఎసెన్స్‌లో కలిపితే అది ఆవిరైపోయి పొడి నిలుస్తుంది. డబ్బా మీద నాన్ టాక్సిక్ అని మాత్రమే రాసి ఉంటే అది తినేది కాదు. తినదగినదని, ఏమేం కలిపారో రాసి ఉండాలి. లేనిది వేస్తే కోసేముందు తీసేసే బొమ్మల మీదే.

పసుపు, బీట్‌రూట్, శంఖుపూలతో చేయొచ్చా?

లేత రంగులు చేయొచ్చు. బీట్‌రూట్ రసం బాగా ఇగరబెట్టి వేస్తే ఉల్లిపొర దగ్గర ఛాయ వస్తుంది, వెలుతురులో తొందరగా వెలిసిపోతుంది. పసుపు మంచి రంగే గానీ వాసన వస్తుంది, సోడా తగిలితే ఎర్రబడుతుంది. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడినట్టే. శంఖుపూల నీలం నిమ్మరసం తగిలితే ఊదా. నీళ్ళు తక్కువగా, పాకంలా ఇగరబెట్టాకే వేయండి. కోకో, కాఫీ పొడి మాత్రం ఏ బేరమూ లేకుండా బాగా పనిచేస్తాయి.

ఇన్ని రంగులు పిల్లలకు పెట్టొచ్చా?

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ప్రకారం కేకులు, మిఠాయిల లాంటి వాటిలో కృత్రిమ రంగు సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చిటికెడు ఉప్పు కంటే తక్కువ. జెల్‌లో అంతా రంగే ఉండదు, గ్లిజరిన్, నీరు, చక్కెర పాకం ఉంటాయి, కాబట్టి లేత రంగులకు భయం లేదు. ముదురు ఎరుపు, నలుపు దగ్గరే దాటిపోతాం. అందుకే ముదురు రంగు అంచుకు, పేరుకు, బొమ్మకు ఉంచి, కేకు మొత్తం లేతగా కప్పమని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెబుతాను.

పేరూ ఊరూ లేని విడి పొడి మాత్రం రూపాయికి ఇచ్చినా తీసుకోకండి. గుడ్డలకు వేసే రోడమిన్ బి పీచు మిఠాయిలో దొరికాకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. మార్చిలో కర్ణాటక పీచు మిఠాయిలో, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడొద్దంది. మెరిసే ఆ రాణీ గులాబీ చౌకగా వస్తోందంటే అనుమానించండి.

ఫాండెంట్ శాకాహారమేనా?

జెలటిన్ ఉంటే కాదు. పచ్చచుక్క చూసి కొనండి. రంగు సీసా మీద 120 అని ఉంటే అది పురుగుల నుంచి తీసే ఎరుపు.

ముదురు కేకు మీద తెల్ల మచ్చలు?

కార్న్‌ఫ్లోర్. మెత్తటి బ్రష్‌కు డాల్డా కొద్దిగా పూసి తుడవండి.

చేతులకు పట్టిన రంగు పోవడం లేదు.

తొడుగులు వేసుకోండి. వేసుకోలేదా, నిమ్మచెక్కను చక్కెరలో ముంచి రుద్దండి, ఆ తర్వాత కొబ్బరినూనె. గోళ్ళ సందుల్లోది రెండు రోజుల్లో అదే పోతుంది. గోరింటాకు అనుకోండి.

మిగిలిన రంగు ముద్దలు ఏం చేయాలి?

ఒక్కోదాన్నీ విడిగా క్లింగ్ ర్యాప్‌లో గాలి చొరకుండా చుట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో, చీకట్లో పెట్టండి. ఫ్రిజ్ వద్దు. మీద కాగితం అతికించి తేదీ, పాళ్ళు రాయండి, ఎందుకంటే పది రోజుల తర్వాత ఆ పచ్చ ఏ పచ్చో మీకే గుర్తుండదు. ప్యాకెట్ మీద ఉన్న గడువు తేదీయే రంగు వేసిన ముద్దకూ గడువు. గోరంత మిగిలినవన్నీ కలిపి పిసికితే ఒకలాంటి బండరంగు వస్తుంది. దాంట్లో కోకో, కొంచెం నారింజ కలిపి, పూర్తిగా కలవకముందే చారలు చారలుగా ఆపేస్తే గండికోట లోయ రాళ్ళు సరిగ్గా అదే రంగు. పోయిన నెల ఒక పిల్లవాడి కేకుకు కోట మొత్తం అలా మిగిలినవాటితోనే కట్టాను.